బోర్లించిన బ్యాటరీలు

ప్రొద్దుటూరు బజారులో నా అంగడికొచ్చే బ్యాటరీలకు రాత్రంతా చార్జి ఎక్కించాలి గాని, నేను మాత్రం పుట్టుకతోనే ఫుల్ చార్జితో వచ్చినోణ్ణని మా సైదాబీ అంటుంది. పెండ్లయిన కొత్తలో అది పొగడ్త అనుకుని నలుగురికీ చెప్పుకున్నాను. ఆమె అన్నది నా నోటి గురించని తెలియడానికి ఏడాది పట్టింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పల్లెలకు కరెంటు తీగ ఇంకా పోలేదు. రేడియో మోగాలన్నా, పెండ్లిలో మైకు పలకాలన్నా, మీటింగులో పెద్దమనిషి గొంతు నాలుగు వీధులకు వినపడాలన్నా బ్యాటరీ కావాలి. నూనె మిల్లు ఇంజనుకు డైనమో తగిలించి నేను చార్జి పెట్టేవాణ్ణి. వేంపల్లె, సింహాద్రిపురం, పులివెందుల, ఏ ఊరికైనా సరే బస్సు టాపు మీద నా బ్యాటరీలు, వాటి పక్కన కాళ్ళు చాపుకొని నేను. బ్యాటరీ ఖలందర్ అంటే తెలియని కండక్టరు లేడు.

పులివెందుల మీటింగు తర్వాత ఆ పేరు కొంచెం మారింది. ఆ రోజు పెద్దమనిషి మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, "సోదరులారా" అన్నాడు. అంతే, మైకు మూగబోయింది. ముందు రోజు అదే బ్యాటరీని ఒక పెండ్లికి తిప్పి, మళ్ళీ చార్జి పెట్టడం మరిచి, పెట్టానని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. సోదరులారా తర్వాత ఆయన ఏం చెప్పదలిచాడో పులివెందులకు నేటికీ తెలియదు. అప్పటినుంచి నన్ను చూస్తే చాలు, జనం "సోదరులారా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. బేరాలు సగానికి పడిపోయాయి. నేను మాత్రం పెద్ద బేరం కోసం చిన్నవి వదులుకుంటున్నానని చెప్పుకుంటూ తిరిగాను.

ఆ ఎండాకాలంలోనే ఆదినారాయణ అయ్యవారు నా అంగడికొచ్చాడు.

జమ్మలమడుగులో ఆయన చాలా ఏండ్లు బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. అక్క గురమ్మే ఇంత ఉడకేసి పెట్టేది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మెట్టు ఎక్కేముందు కాలితో తడిమి ఎక్కాడు. బ్యాటరీల మీద చెయ్యి పెట్టి, వంగి, ముక్కు ఆనించి మరీ చూశాడు. వాసన చూస్తున్నాడేమో అనుకున్నాను.

"దీంతో లారీ అద్దం తుడిచే మోటారు ఎంతసేపు తిరుగుతాదప్పా?" అని అడిగాడు.

"పొద్దన్నుంచి మాపటిదాకా తిప్పుతా. మీకు లారీ ఉందా అయ్యవారూ?"

"లారీ ల్యా. దుర్భిణి ఉంది."

అప్పుడు చెప్పాడు సంగతి. వచ్చే నెల అమావాస్యనాడు, పొద్దెక్కుతుండగా సూర్యగ్రహణం. సింహళంలో సూర్యుడు మొత్తం మూసుకుపోతాడట, మన దిక్కు సగానికి పైనే. తాను బడిలో ఉన్నన్నాళ్ళూ గుమ్మడికాయ, నిమ్మకాయ పట్టుకుని, గ్రహణం ఎలా పడుతుందో పిల్లలకు చెప్పాడు. కానీ ఒక్క గ్రహణాన్నీ కంటితో చూడలేదు. చిన్నప్పుడు అమ్మ తలుపు గడియ వేసేది. పెండ్లయ్యాక భార్య ఒట్టు పెట్టించుకునేది. అడ్డు చెప్పేవాళ్ళు తగ్గాక కండ్లలో పూత మొదలైంది.

"ముక్కు కాడ పెట్టుకుంటే చీమ కాళ్ళు గూడా లెక్కబెడతా. మూరెడు అవతల ఏనుగు నిలబడినా గోడే అనుకుంటా. కడప డాక్టరు కోస్తే చూపు రావచ్చు, ఉండేది పోనూవచ్చు అన్నె. ఇంగో గ్రహణం దాకా ఈ మాత్రం గూడా ఉండదు. తలెత్తితే నాకు సూర్యుడు కనపడడు ఖలందరూ. ఫోటో అయితే ముక్కు కాడ పెట్టుకుని చూసుకుంటా."

అందుకని ఆయన అద్దాలు మద్రాసు నుంచి తెప్పించి, రేకుతో గొట్టం చేయించి, వెనక ఒక డబ్బా కెమెరా బిగించాడు. సూర్యుడు ఒక్కచోట ఉండడు గదా. గొట్టం కూడా సూర్యుడితో పాటు మెల్లగా జరుగుతూ ఉండాలి, లేకపోతే ఫోటోలోంచి సూర్యుడు తప్పుకుంటాడు. చూపున్నవాడైతే చేత్తో జరుపుకుంటాడు. ఈయనకు చూపు లేదు కాబట్టి గొట్టాన్ని జరిపే మర తిప్పడానికి మోటారు పెట్టాడు. మోటారుకు బ్యాటరీ కావాలి.

ఆ మాటలు వింటుంటే నా గుండె కరిగింది. కరిగిన గుండెతో నేను చేసిన మొదటి పని, మా వీధి చివర బోర్డులు రాసే అతని దగ్గరికి పోయి "సూర్యగ్రహణమునకు కరెంటు సప్లై చేసినవారు" అని అంగడి మీద రాయించడం. గ్రహణానికి ఇంకా ఇరవై రోజులుంది. సైదాబీ ఆ బోర్డు కింద నిలబడి కూడబలుక్కుంటూ చాలాసేపు చదివింది. ఆమెకు చదువు బాగానే వచ్చు, కూడబలుక్కోవడం కోపానికి గుర్తు.

"సేసినవారు అని రాస్తివే, సేసినాక రాస్తే పోలే?" అంది.

"చూస్తా ఉండు," అన్నాను.

మోటారుకు ఒక్క బ్యాటరీ చాలు. నేను మూడు తీసుకుపోయాను. ఒకటైతే పని, మూడైతే మర్యాద అని నా లెక్క. ఆ మూడింటికీ నిజంగానే చార్జి పెట్టాను, చూసుకోవడానికి రాత్రి రెండుసార్లు లేచాను కూడా. పులివెందుల నాకు ఆ మాత్రం నేర్పింది. గ్రహణానికి ముందు రోజు జమ్మలమడుగు బస్సు టాపు మీద వాటిని కట్టి, బస్టాండు నుంచి తోపుడుబండి మీద అయ్యవారింటికి చేర్చాను.

వాకిట్లోనే గురమ్మ అడ్డం నిలబడింది. ఎండిన మిరపకాయలా ఉండే ముసలమ్మ. చేతిలో చీపురుంది.

"ఏందియ్యి? ఏందో కంపు కొడతాండాయి. తోలా, ఎముకలా? రేప్పొద్దున గ్రహణం పెట్టుకుని ఇంట్లోకి తెస్తాండారు."

నిజం చెప్పాలంటే "యాసిడ్ పెద్దమ్మా, ముట్టుకోవద్దు" అని చెప్పాలి. అది చెబితే వాకిలి దాటనివ్వదు. వాకిలి దాటకపోతే బ్యాటరీలు వీధిలో ఉంటాయి, వాటికి కాపలాగా నేనూ వీధిలోనే ఉంటాను. పైగా లోపల నుంచి ఉలవచారు వాసన వస్తోంది.

"తోలు గాదు, ఎముక గాదు పెద్దమ్మా. దీంట్లో ఉండేది నీళ్ళే. బాయి నీళ్ళు గూడా గాదు. కాచి, ఆవిరి పట్టి, మళ్ళా చల్లార్చిన నీళ్ళు. మీ బిందెలో నీళ్ళకంటే ఇయ్యే శుద్ధం," అన్నాను.

గురమ్మ ముఖం విప్పారింది. "నీళ్ళేనా? అట్లయితే పెరట్లో నీళ్ళకాడ పెట్టు నాయనా," అని తానే జాగా చూపించింది. నాపరాళ్ళు పరిచిన పెరట్లో, బావి గట్టున, బిందెల వరుసలో నా మూడు బ్యాటరీలూ కూర్చున్నాయి. ఉలవచారుతో కడుపు నిండా తిని, అరుగు మీద పడుకుని, రేపటినుంచి నన్ను జనం ఏమని పిలుస్తారో ఊహించుకుంటూ నిద్రపోయాను.

తెల్లవారి ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. ఇత్తడి బిందెలన్నీ ఖాళీ చేసి, బూడిదతో తోమి, గోడ వారగా బోర్లించి ఉన్నాయి. గ్రహణం పట్టేముందు ఇంట్లో నిలవ నీళ్ళన్నీ పారబోసి, విడిచినాక కొత్త నీళ్ళు తోడుకోవడం వాళ్ళ ఆచారం. ఆ వరుస చివరన నా మూడు బ్యాటరీలు. వాటినీ బూడిదతో తోమి బోర్లించింది. తీసిన బిరడాలు కడిగి, చాటలో ఆరబెట్టింది.

నా నోట మాట రాలేదు. అలా జరగడం అదే మొదటిసారి అని సైదాబీకి తర్వాత చెబితే నమ్మలేదు.

గురమ్మ అప్పుడే స్నానం చేసి వచ్చి, తడి చీర పిండుకుంటోంది. చీర కుచ్చెళ్ళ దగ్గర జల్లెడలా బొక్కలు పడి ఉన్నాయి. ఆమె ఇంకా చూసుకోలేదు.

"నీ నీళ్ళు గూడా పారబోసినా నాయనా. పక్కింటామెను సాయం పిల్చుకున్యా, శానా బరువుండాయి. అమ్మో, ఎంత విషముండాదో ఆ నీళ్ళల్లో! బండల మీద పోస్తానే బుస్సున పొంగినాయి. మంచిపనయింది, లేకుంటే గ్రహణానికి ఇంగా ఏమయ్యేదో! చేతులు గూడా సురుక్కుమన్యాయి, బాయికాడ రెండు బొక్కెనలు కుమ్మరించుకున్యా."

చేతులు కందాయి గాని కాలలేదు, అల్లా దయ. నాపరాయి మీద యాసిడ్ పడితే పొంగకేం చేస్తుంది? అక్కడ తెల్లగా మచ్చలు పడ్డాయి. అయ్యవారు తడుముకుంటూ వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పాను.

"మా అక్కకు ఏం చెప్పినావు నువ్వు?"

"నీళ్ళేనని చెప్పినా."

"యాసిడ్ అని యాల చెప్పలేదు?"

"ఇంట్లోకి రానీయదని."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గోడ పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. "బడిలో అంతమందిని చూసినా, నిన్ను నమ్మితి గదప్పా," అన్నాడు. ఆ మాటకు నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

బావి నీళ్ళు పోసి చూశాను. మోటారు చీమ పాకినట్టు కొంచెం కదిలి ఆగిపోయింది. బస్టాండుకు పరిగెత్తాను. చింతచెట్టు కింద ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"గ్రహణం పట్టే యాళకు బండి మీద చెయ్యి గూడా ఎయ్యను, బ్యాటరీ ఊడదీస్తావా? పోప్పా," అని రగ్గు మీదికి లాక్కున్నాడు. రగ్గులోంచే ముఖం బయటికి పెట్టి, "నువ్వు సోదరులారా గదా?" అని కూడా అడిగాడు.

తిరిగొచ్చేసరికి అయ్యవారు దుర్భిణిని తోపుడుబండి మీద పెట్టించుకుని, పెన్నేటి గట్టుకు బయలుదేరి ఉన్నాడు. మోటారు లేకుండా ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. ఇంట్లో ఉండలేక వచ్చేశాడు. ఏట్లో నీళ్ళు ఎక్కడున్నాయి, ఇసుకలో చెలమలు తవ్వుకుని జనం పట్టుస్నానాలకు దిగుతున్నారు. నేనూ వెంట పోయి, గట్టు మీద ముక్కాలి పీట వేసి, గొట్టం బిగించాను. గొట్టం పక్కన చిన్న రంధ్రం ఉంది. అందులోంచి సూర్యుడి వెలుగు చుక్కలా వచ్చి వెనకున్న అట్ట మీద పడుతుంది. అట్ట మీద సిరాతో ఒక సున్నా గీసి ఉంది. చుక్క సున్నాలో ఉంటే కెమెరాలో సూర్యుడు ఉన్నట్టు.

చుక్క సున్నాలో పడింది. చూస్తుండగానే మెల్లగా పక్కకు జరిగి, గీత దాటిపోతోంది. ఊరికే నిలబడలేక మోటారు తగలాల్సిన మరను బొటనవేలితో కొంచెం తిప్పాను. చుక్క వెనక్కు వచ్చి సున్నాలో కూర్చుంది.

మూడు బ్యాటరీలు, రెండు బస్సు చార్జీలు, ఒక తోపుడుబండి, ఒక బోర్డు, ఒక ముసలమ్మ చీర. వీటన్నిటి పనీ ఒక బొటనవేలు చేస్తుంది. ఆ సంగతి తట్టడానికి నాకు గ్రహణం దాకా ఆగాల్సొచ్చింది.

"అయ్యవారూ, నేను తిప్పుతా. మీరు ఫోటో కొట్టండి," అన్నాను.

ఆయన ముఖం నా వైపు తిరిగింది. "అయిపోయేదాకా తిప్పాల. నువ్వు మాట్లాడితే గొట్టం అదురుతాది. ఊపిరి గూడా మెల్లగా ఇడవాల. ఉంటావా?"

"ఉంటా," అన్నాను. అదే ఆ పొద్దుటికి నా చివరి మాట.

మర తిప్పడం ఏమంత కష్టం కాదు. నోరు మూసుకోవడమే నా వల్ల అయ్యేది కాదు. అయ్యవారు ఫోటోకు ఫోటోకు మధ్య ఒక్కో ఎక్కం చదువుకునేవాడు. పన్నెండో ఎక్కం అయ్యాక చేత్తో తడిమి మీట నొక్కి, ఫిల్ము తిప్పి, పదమూడో ఎక్కం మొదలుపెట్టేవాడు. అదే ఆయన గడియారం. స్నానాలు చేసినవాళ్ళు తడి బట్టలతో గట్టెక్కి మా చుట్టూ మూగారు. అందరూ తల వంచుకుని సూర్యుణ్ణి తప్పించి నన్ను చూస్తున్నారు.

"ఏందప్పా ఖలందరూ, గడియారానికి ఇచ్చినట్టు సూర్యునికి సావి ఇస్తాండావా?"

"మాట్లాడడే! మైకు పోయినట్లుంది."

"సోదరులారా..."

ఒక్కొక్కదానికి నా దగ్గర మూడేసి జవాబులున్నాయి. అన్నీ గొంతులోనే అరిగిపోయాయి. మెడ పట్టేసింది, వేలు మొద్దుబారింది. ముక్కు మీద ఈగ వాలింది, వాలనిచ్చాను. మా నాయన ఆ పొద్దు మసీదులో గ్రహణం నమాజుకు నన్ను వెతుక్కుంటూ ఉంటాడు. ప్రార్థనలో నాకు వచ్చిన రెండు మాటలూ మనసులోనే అనుకున్నాను. అందులో నేను కోరుకున్నది ఎక్కువగా ఆ చుక్క సున్నా దాటకూడదనే.

కాసేపటికి ఎండ పసుపు నీళ్ళలా పలచబడింది. కాకులు గోలగోలగా గట్టున ఉన్న తుమ్మల మీదికి చేరాయి. జనం మాటలు ఆపేశారు. అయ్యవారు ఎక్కం ఆపి, గాలిలోకి ముఖం ఎత్తాడు.

"చల్లబడింది. ఎట్లుంది ఖలందరూ?"

నేను చెప్పలేదు. నోరు తెరిస్తే గొట్టం కదులుతుంది. నా మాటతో ఆయన ఏమీ చూడలేడు, కదలని ఫోటో అయితే చూడగలడు. ఆయన మళ్ళీ అడిగాడు. నేను పెదవి కొరుక్కుని మర తిప్పుతూనే ఉన్నాను. నా వైపు కాసేపు చెవి పెట్టి, అర్థమైనట్టు తల ఊపి, పదిహేడో ఎక్కం దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రెండు ప్రశ్నలకూ నేను జవాబు చెప్పక, ఫోటో కూడా రాకపోతే, ఆయనకిక ఏమీ మిగలదు. నా భయమంతా అదే.

ఫిల్మును ప్రొద్దుటూరు స్టూడియో అలీ అహ్మద్‌కు ఇచ్చాను. అతను చీకటిగదిలో ఉన్నంతసేపూ నేను బయట బెంచీ మీద కూర్చోలేక, నిలబడలేక, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. బయటికి వచ్చి తడి కాగితాలు తీగకు తగిలిస్తూ, "కొన్ని తెగినాయి," అన్నాడు. నేను మెకానిక్కు చూసినట్టే చూశాను. దేంట్లో సూర్యుడు తెగాడు, దేంట్లో తెగలేదు, అంతే. మూడింట్లో సూర్యుడు అంచు దాటిపోయాడు. అది ఈగ వాలినప్పుడు. మిగతావి ఎంత బాగున్నాయో చూసే ధైర్యం లేక కవరులో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

అయ్యవారు వరండాలో ఎండ పడేచోట కూర్చుని ఉన్నాడు. ఆయనకు ముందు తెగినవి ఇచ్చాను. చెడ్డ వార్త ముందు అయిపోతుందని.

ఫోటోను ముక్కుకు ఆనించి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపాడు. ఆయనకు ఒక్కసారికి వేలెడు మేరే కనిపిస్తుంది. "ఇదేందప్పా, చంద్రుడు ఒకపక్క కొరికితే నువ్వు ఇంగోపక్క కోసినావు," అన్నాడు. లోపల నుంచి గురమ్మ నవ్వింది. కొత్త చీర కట్టుకుని ఉంది. అది సైదాబీ పెట్టింది, నాకు చెప్పి కాదు.

తర్వాత మంచిది ఇచ్చాను. నడి గ్రహణం అది. ఆయన జరపడం మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చి ఆగాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి, మొదటినుంచి జరిపాడు.

"వచ్చినాది," అన్నాడు చివరికి. "గుమ్మడికాయ, నిమ్మకాయ పెట్టుకుని ఏండ్ల తరబడి చెప్తి గదా. అబద్ధం చెప్పలేదు ఖలందరూ. అట్లే ఉండాది."

కండ్లు తుడుచుకుని నన్ను అడిగాడు, "ఆపొద్దు నువ్వు చూస్తాండింటివి గదా. ఇట్లే కనపడిందా?"

అప్పుడు తట్టింది నాకు. "ల్యా అయ్యవారూ. నేను తలెత్తలేదు. అట్ట మీద చుక్కనే చూస్తా ఉంటి. చుక్క కొంచెం వంకర తిరిగింది గాని, అది సున్నాలో ఉందా లేదా అనేదే చూస్తి."

"అంటే నువ్వు గ్రహణం చూడనే లేదా? రెండు కండ్లూ పెట్టుకుని?"

"చూడలేదు."

ఆయన కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, పక్కన చాప మీద చేత్తో తట్టాడు. "ఇట్లా రా. కూర్చో. చూపిస్తా."

ఆయన ముక్కు దగ్గర నా తల పెట్టాను. ఇద్దరి తలలూ ఆనుకున్నాయి. ఆయన గోటితో అంచు వెంబడి మెల్లగా చూపిస్తూ పోయాడు. ఇదిగో ఇది సూర్యుడు, ఈ నల్లది చంద్రుడు, ఈ అంచు చూడు నున్నగా ఉండదు, చంద్రుని మీద కొండలుంటాయి, అవి ఈడ కనబడతాయి, చూస్తాండావా?

నాకు ఏ కొండా కనబడలేదు. కండ్లు మసకబారి ఫోటో అంతా అలుక్కుపోయింది.

"కనబడతాండాయి అయ్యవారూ," అన్నాను.